గజం రేటు తేలింది, మెట్ల సంగతి తేలలేదు

టేపు ఒక కొస సర్వేయరు చేతిలో ఉంది. రెండో కొస మా పెద్దమ్మ మనవడి చేతిలో. సర్వేయరుతో వచ్చిన కుర్రాడు చాయ్ తాగడానికి పోయాడట. "బాబూ, ఇది కాస్త గోడకి ఆనించి పట్టుకో" అని మావాడికి అప్పగించారు. పదమూడేళ్ళ పిల్లాడు, బుద్ధిగా పట్టుకున్నాడు. వాడు పట్టుకున్న చోటి నుంచి రోడ్డు దాకా ఉన్నదంతా మెట్రో లైను కోసం పోతుంది. అరుగు, ముందుగది, పక్కన టైలర్ భాయ్ కిరాయికుండే మలిగీ, అంటే కొట్టు గది. కొలతలయ్యాక గోడ మీద ఎర్ర పెయింటుతో ఒక నంబరు వేశారు. వేసినవాడికి చేతివాటం ఉంది, అంకెలు గుండ్రంగా ముద్దుగా కుదిరాయి.

ఇల్లు హైదరాబాద్ పాతబస్తీలో, హరిబౌలి దాటాక, శాలిబండకి ఇవతల, రోడ్డు మీదే. బోనాల్లో అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద నయాపూల్ వైపు ఊరేగుతుంటే ఆ అరుగు మీద నిలబడి చూసిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఇప్పుడుండేది మూసీకి ఇవతల, రెడ్ లైన్ మీద. రోజూ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం పోతాను. మెట్రో లేకపోతే ఈ ఉద్యోగం ఎప్పుడో మానేసేవాణ్ణి. కాబట్టి పాతబస్తీకి మెట్రో రావాలా వద్దా అన్న పంచాయితీలో నేను ఏ పక్కో దాచుకోవాల్సిన పని లేదు. రావాలి. ఎప్పుడో రావాల్సింది.

అయినా ఆ ఎర్ర నంబరు చూసినప్పటి నుంచి, దాని గురించి జరిగిన మీటింగులు రెండు మూడింటికి మా అన్నయ్య వెనకాల తోకలా వెళ్ళినప్పటి నుంచి, నాకొక సందేహం పట్టుకుంది. స్థానికులు, అధికారులు కూర్చుని రూటు మీద చర్చించారని పేపర్లో చదువుతాం కదా. ఆ గదుల్లో నేను కూర్చుని విన్నంతలో అక్కడ జరిగింది చర్చ అనిపించలేదు. బేరం. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బేరం జరగడం తప్పేం కాదు. కానీ బేరం తెగడాన్ని మనం ఊరంతా ఒప్పుకున్నట్టు లెక్కేసుకుంటున్నాం. నా గొడవ దానితోనే.

పదేళ్ళు తిరిగి అదే గీత

మొదట్లో ప్లానులో ఉన్న గ్రీన్ లైన్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఫలక్‌నుమా దాకా. 2020 ఫిబ్రవరి 7న మొదలైంది మాత్రం ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకానే, 11 కిలోమీటర్లు. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు కాగితం మీద ఉండిపోయింది. మసీదులు, గుళ్ళు, షియాలు మొహర్రం జరుపుకునే అషుర్‌ఖానాలు పోతాయన్న భయం, ఇళ్ళు పోతాయన్న భయం, రాజకీయం, అన్నీ కలిశాయి.

2014లో రాష్ట్రం వచ్చాక మూడు చోట్ల రూటు మార్చాలన్న మాట నడిచింది గుర్తుందా? అసెంబ్లీ ముందు నుంచి వద్దు, వెనక నుంచి పోనివ్వండన్నారు. సుల్తాన్‌బజార్ వ్యాపారులు మా బజారు మీద నుంచి వద్దన్నారు. పాతబస్తీలో దారుల్‌షిఫా, శాలిబండ రూటు వదిలి బహదూర్‌పురా మీదుగా తిప్పాలన్నారు. ఇవాళ అసెంబ్లీ స్టేషన్ అసెంబ్లీ ఎదురుగానే ఉంది. సుల్తాన్‌బజార్ స్టేషన్ సుల్తాన్‌బజార్‌లోనే ఉంది. 2024 మార్చి 8న పాతబస్తీ లైనుకు ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసింది కూడా ఆ పాత గీత కోసమే. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతేబార్ చౌక్, మీర్‌మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ. దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు, అంతే తేడా.

అంటే పదేళ్ళు గీత మీద కొట్టుకుని, చివరికి గీత జరక్కుండానే సర్దుకున్నాం. ఇందులో ఎవరు తప్పు అనే లెక్కల్లోకి పోను. సుల్తాన్‌బజార్‌లో చీరల కొట్టు పెట్టుకుని మూడు తరాలు బతికినవాడు ఆ మాత్రం గోల చెయ్యకుండా ఎలా ఉంటాడు? ప్రార్థన స్థలాలు పోకుండా డిజైన్ సర్దుతామని అధికారులు మాటివ్వడానికి కూడా ఆ గోలే కారణం. అది చిన్న ఫలితం కాదు. మొహర్రం నాడు బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం ఊరేగింపు పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగానే చాదర్‌ఘాట్ పోతుంది. ఏనుగు మీద ఆలం, ఏనుగు మీద ఘటం, పైన రైలు. ఎత్తుల లెక్క అడిగినవాళ్ళు అడిగారు కాబట్టే ఆ లెక్క ఎవరో ఒకరు వేసి ఉంటారు.

నాకు కొరుకుడు పడనిది ఏమిటంటే, గీత ఎటు పోవాలన్నదాని మీద ఇన్నేళ్ళు మాట్లాడినవాళ్ళం, స్టేషన్ మెట్లు ఎక్కడ దిగాలన్నదాని మీద ఒక్క పూట కూడా మాట్లాడలేదు.

కుర్చీలు ఎవరికి వేశారు

ఒక మీటింగు సంగతి చెబుతాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడివాళ్ళ మీద నాకు కోపం లేదు కూడా. ప్లాస్టిక్ కుర్చీలు నలభై దాకా వేశారు. గుమ్మం దగ్గర ఒకాయన జాబితా పట్టుకుని, ఎవరొచ్చినా ముందు నంబరు అడుగుతున్నాడు. గోడ మీద వేసిన నంబరు. మా అన్నయ్య చెప్పాడు, టిక్కు పెట్టి లోపలికి పంపాడు. నన్ను చూసి "ఈయన?" అన్నాడు. "మా తమ్ముడు, బాబాయి కొడుకు" అంటే, ఒక నంబరుకి ఒక్కరేనంటూ గొణిగి, పోనీలే అని వదిలేశాడు. టైలర్ భాయ్ మాతోనే వచ్చాడు. ఆయనకి నంబరు లేదు. కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల గంటన్నర మాట్లాడారు. గజానికి ఎంత? మొదట అనుకున్న రేటేమిటి, ఇప్పుడిచ్చేదేమిటి? పక్కా బిల్డింగుకి వేరే లెక్కా? పోగా మిగిలిన ముక్క పన్నెండు గజాలైతే దాన్నేం చేసుకోవాలి? అన్నదమ్ముల కేసు కోర్టులో ఉంటే చెక్కు ఎవరి పేరు మీద? అన్నీ న్యాయమైన ప్రశ్నలే. ఆఫీసరు కూడా ఓపిగ్గా తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పాడు. ఒక పెద్దాయన లేచి, "రోడ్డు ఇప్పుడున్నది యాభై అరవై అడుగులు, నువ్వు వంద అంటున్నవు. పిల్లరుకి ఏడెనిమిది అడుగులు సాలు గదా, మిగిలింది ఎవరికి?" అన్నాడు. నా మట్టుకు ఆ పూటకి అసలైన ప్రశ్న అదే. రోడ్డు వెడల్పు 100 అడుగులు, స్టేషన్ల దగ్గర 120. మెట్రో పేరుతో జరుగుతున్న పనిలో సగం రోడ్డు వెడల్పు పని. ఆ పెరిగిన అడుగుల్లో నడిచేవాళ్ళకెన్ని, బళ్ళకెన్ని? "అదంతా డిజైన్ వాళ్ళు చూస్తారు పెద్దాయనా" అని ఆఫీసరు మళ్ళీ గజాల్లోకి దిగాడు. ఆ పెద్దాయన కూడా కూర్చుని, పక్కవాణ్ణి తన గజాల సంగతి అడగడం మొదలుపెట్టాడు.

చివరికి రేటు తేలింది. గజానికి 81,000. రూటు పొడవునా 1,100 దాకా ఆస్తులు. 2025 జనవరిలో చెక్కులివ్వడం మొదలైంది. పెద్దమ్మ ఇంటిది పోయేది 31 గజాలు. మీరే లెక్క వేసుకోండి, పాతిక లక్షలు దాటుతుంది. మా అన్నయ్య ఆ రాత్రి నిద్రపోలేదు. సంతోషంతోనో దిగులుతోనో వాడికే తెలియదు.

టైలర్ భాయ్‌కి వచ్చేది అడ్వాన్సు వాపసు. పద్నాలుగేళ్ళ కిందట ఇచ్చింది, నలభై వేలు.

దీనికి చట్టం చెడ్డదనడానికి లేదు. 2013 భూసేకరణ చట్టం నేను కూర్చుని చదివాను. పని చేసుకునే చోటు పోయి జీవనాధారం దెబ్బతినేవాళ్ళు, మూడేళ్ళుగా అక్కడ ఉంటే, సొంత భూమి లేకపోయినా బాధిత కుటుంబం కిందే లెక్క అని రాసి ఉంది. కిరాయిదార్ల మాట కూడా ఉంది. కాబట్టి లోపలి కుర్చీల్లో ఒకటి టైలర్ భాయ్‌ది. ఆ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. చెబితే మా చెక్కుకి ఏమైనా అడ్డం వస్తుందేమోనని మా ఇంట్లో ఒకరిద్దరికి అనుమానం కలిగిందని కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. ఆ ఒకరిద్దరిలో నేను లేనని గట్టిగా చెప్పలేను.

ఇక అదే చట్టంలో రైలెక్కబోయేవాడికి చోటే లేదు. అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల గడువిస్తుంది, అదీ ఆ భూమితో సంబంధం ఉన్నవాళ్ళకే. భూసేకరణ చట్టం కాబట్టి భూమి గురించే అడుగుతుంది, దాన్నని లాభం లేదు. కానీ మనూళ్ళో మెట్రో గురించి జనాన్ని పిలిచి కూర్చోబెట్టే సందర్భం ఆచరణలో అదొక్కటే. ఛార్జీల కోసం 2022లో కమిటీ వేసి ప్రజల సూచనలు అడిగారు, నిజమే, నేను కూడా ఈమెయిల్ పెట్టాను. 2025 మేలో కనీస ఛార్జీ 10 నుంచి 12 అయింది, గరిష్ఠం 60 నుంచి 75. గోల లేస్తే పది శాతం తగ్గించారు. అంటే డబ్బు విషయంలో మమ్మల్ని అడుగుతారు, అడిగాక ఏం చేస్తారన్నది వేరే సంగతి. రోజుకి నాలుగున్నర లక్షల మంది ఎక్కే రైలు ఇది. మెట్టు ఎక్కడ దిగాలో వాళ్ళలో ఒక్కరినైనా ఏ మీటింగుకి పిలిచారు?

ఇగ ఎటు పోవాలె బిడ్డా

నేను దిగే స్టేషన్ పేరు అనవసరం. పైన అంతా అద్దంలా ఉంటుంది. కిందికి దిగే మెట్లు సరాసరి ఫుట్‌పాత్ మీద దిగుతాయి. దిగుతాయంటే, ఫుట్‌పాత్‌ని మింగేసి దిగుతాయి. మెట్ల గోడకీ డ్రైనేజీ మూతలకీ మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టే సందు. ఆ సందు చివర ట్రాన్స్‌ఫార్మర్. దాని చుట్టూ కంచె. కంచెకి ఆనుకుని మిర్చిబజ్జీల బండి. బండివాడిదేం తప్పు లేదు, నాలుగు వేల మంది దిగే చోట బజ్జీల బండి పెట్టనివాడు వ్యాపారమే చెయ్యకూడదు.

నాలుగేళ్ళ కిందట పెద్దమ్మని మొదటిసారి మెట్రో ఎక్కించాను. ఎంజీబీఎస్‌లో ఎక్కించి మా ఇంటికి తీసుకొచ్చాను. లోపల ఏసీకి మురిసిపోయింది, మూసీని పైనుంచి చూసి "గిది గింతేనా" అంది. లిఫ్టు ఆ రోజు పనిచెయ్యలేదు. మోకాళ్ళు పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ దిగింది. దిగి, ట్రాన్స్‌ఫార్మర్ ముందు నిలబడి, కుడికి చూసి, ఎడమకి చూసి, "ఇగ ఎటు పోవాలె బిడ్డా?" అంది. బస్సులు రయ్యిన పోతున్న రోడ్డులోకి దిగి ఇరవై అడుగులు నడిస్తే తప్ప మా సందు రాదు. చెయ్యి పట్టుకుని నడిపించాను. ఆ తర్వాత ఆమె మెట్రో ఎక్కలేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక ఇక ఎక్కదు కూడా. ఫ్రీ కాకపోయినా ఎక్కేది కాదు. బస్సైతే కండక్టరుని బతిమాలితే సందు మొగలోనే దింపుతాడు.

ఇప్పుడు ఆమె ఇంటి ముందు నుంచే లైను పోతుంది. "మా ఇల్లు వోతే పోయె. గా మెట్లు ఎక్కడ దించుతరంట, అడిగిన్రా?" అని ఆమె అడిగితే, మీటింగుల్లో గంటలు గంటలు కూర్చున్న మా అన్నయ్య, నేనూ మొహాలు చూసుకున్నాం.

చార్మినార్ స్టేషన్ సంగతే తీసుకోండి. చార్మినార్ పేరు పెట్టారు గానీ, ఆ పురాతన కట్టడానికి ఇబ్బంది రాకుండా ఒక 500 మీటర్ల దూరంలో వస్తుంది. మంచిదే, రైలు గుల్జార్ హౌజ్ నెత్తిన పోవాలని ఎవరు కోరుకుంటారు? కానీ ఆ 500 మీటర్లు ఎవరివి? రంజాన్ నెలలో సాయంత్రం ఆ సందుల్లో నడిచి చూసినవాళ్ళకి తెలుస్తుంది, అర కిలోమీటరుకి అరగంట పడుతుంది. గాజులు కొనడానికి సిద్దిపేట నుంచి వచ్చిన కుటుంబం స్టేషన్ దిగి ఏ సందు పట్టుకోవాలి, ఆ సందులో బైకులు ఆపాలా వద్దా, తోపుడు బండ్లవాళ్ళని ఎక్కడ నిలబెట్టాలి? లాడ్‌బజార్ బతుకు ఈ ప్రశ్నల మీద ఆధారపడి ఉంది, గజం రేటు మీద కాదు.

చాయ్ దగ్గర ఒక ఇంజనీరు

నా వాదనకి గట్టి దెబ్బ ఒక ఇంజనీరు కొట్టాడు. మీటింగయ్యాక బయట చాయ్ బండి దగ్గర. నేను ఆవేశంగా మెట్ల పురాణం విప్పాను. ఆయన బిస్కెట్ ముంచుకుని తింటూ అంతా విని, "మీరన్నది కరెక్టే సార్. మెట్లు ఫుట్‌పాత్ మీద దించాలని మాకేం సరదా కాదు. లోపలికి దించాలంటే పక్కనున్న ఇంటి జాగా కావాలి. మీవాళ్ళు లోపల ఏమడుగుతున్నారు? ఒక్కో గజం తగ్గించమని. తగ్గిస్తాం. తగ్గించిన గజం ఎక్కణ్ణుంచి వస్తుందనుకుంటున్నారు?" అన్నాడు.

నోట మాట రాలేదు. మా అన్నయ్య రెండు మీటింగుల్లో గట్టిగా పోరాడి ముప్పై ఎనిమిది గజాలని ముప్పై ఒకటికి దింపాడు. ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. ఆ ఏడు గజాలు ఏ అవ్వ నడిచే చోటు నుంచి పోయాయో మాలో ఒక్కరం ఆలోచించలేదు.

ఆయన ఇంకో మాట అన్నాడు, దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. "ఓనర్లతో మాట్లాడితేనే పదేళ్ళు పట్టింది. మీరు చెప్పినట్టు ఎక్కేవాళ్ళని, కిరాయోళ్ళని, బండ్లోళ్ళని అందర్నీ కూర్చోబెడితే మన మనవలకి కూడా రాదు మెట్రో." ఇది కొట్టిపారెయ్యాల్సిన మాట కాదు. ఆలస్యానికి ఖరీదు ఉంది. పాతబస్తీవాడు ఇన్నేళ్ళూ ఎంజీబీఎస్ దాకా షేర్ ఆటోలో ఒరుసుకుంటూ వచ్చి అక్కడ రైలెక్కుతూనే ఆ ఖరీదు కడుతున్నాడు. మొదట్లోనే వచ్చి ఉంటే ఒక తరం పిల్లలు కాలేజీలకీ ఉద్యోగాలకీ అటు హైటెక్ సిటీ దాకా పోయేవాళ్ళు.

కానీ పదేళ్ళు పట్టింది మాట్లాడటం ఎక్కువై అని నేననుకోను. మాట్లాడటానికి ఉన్నది ఒక్క గీతే కావడం వల్ల. పోవాలా వద్దా అన్న ప్రశ్నకి మధ్యే మార్గం ఉండదు, అందుకే ఎవరూ దిగిరారు. మెట్లు ఈ మూలన దించుదామా ఆ మూలనా అంటే ఒక పూటలో తేలిపోతుంది, పెద్దగా ఎవరి పరువూ పోదు. పైగా మెట్ల మీటింగుకి రైలు ఆపాల్సిన పని లేదు. చెక్కులు పంచుతూనే పెట్టొచ్చు.

ఆలస్యంగా అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. 2024 ఆగస్టులో నాగోల్ స్టేషన్ దగ్గర అప్పటిదాకా ఫ్రీగా ఉన్న పార్కింగుకి డబ్బులనగానే జనం ధర్నాకి దిగారు. మొదట్లోనే పిలిచి, బండి ఎక్కడ పెట్టుకుంటావు, ఇంటి నుంచి స్టేషన్‌కి ఎలా వస్తావు అని అడిగి ఉంటే ధర్నా తప్పేదేమో. తప్పేది కాదేమో కూడా. మనవాళ్ళ సంగతి నాకు తెలియందా, ఫ్రీ అంటే వదలం.

అర్జీ

ఇదంతా రాసి ఊరుకోవడం ఎందుకని ఒక అర్జీ తయారుచేశాను. ఒకటే పేజీ. శాలిబండ స్టేషన్ మెట్లు రెండు వైపులా ఎక్కడ దిగుతాయో బొమ్మ గీసి స్థానికంగా ఒక చోట అతికించండి, నెల రోజులు అభిప్రాయాలు తీసుకోండి, మెట్ల పక్కన కనీసం ఇద్దరు ఎదురెదురుగా నడిచే చోటు వదలండి, మలిగీలు పోయే కిరాయిదార్ల జాబితా వేరేగా రాయండి. టైలర్ భాయ్ ఉర్దూలో సంతకం చేశాడు. పెద్దమ్మ వేలిముద్ర అక్కర్లేదని, వణుకుతూ తెలుగులో తన పేరు తానే రాసింది.

కౌంటర్ దగ్గర అమ్మాయి చదివింది. ఆసక్తిగానే చదివిందని నాకనిపించింది. వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ముందుకి తిప్పి, "నంబరు రాయలేదు సార్" అంది.

"ఏ నంబరు?"

"ప్రాపర్టీ నంబరు. అది లేకపోతే సిస్టమ్‌లో ఎక్కదు."

ఇది ప్రాపర్టీ గురించి కాదమ్మా, మెట్ల గురించి అన్నాను. ఆమెకి అర్థమైంది. సిస్టమ్‌కే అర్థం కాలేదు. వెనక లైను పెరుగుతోంది. "ఎవరిదో ఒకరి నంబరు వేసెయ్యండి సార్, రసీదు ఇస్తాను" అంది జాలిగా.

పెన్ను తీసి, పేజీ పైన, మా పెద్దమ్మ గోడ మీది ఎర్ర నంబరు వేశాను.